100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 35 వస్తోందా? ప్లాన్ పెంచకండి, ల్యాప్‌టాప్ మార్చకండి, ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను, మీరు పెట్టిన ఫొటోలు కూడా చూశాను. తర్వాత చదివేవాళ్ళ కోసం మీ పరిస్థితి ముందు రెండు మాటల్లో చెప్తాను. ఒంగోల్లో రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో టీవీ వెనక ఫైబర్ మోడెం, మేడ మీద గదిలో మీ ఆఫీసు పని. ప్లాన్ 100 ఎంబీపీఎస్. ఫోన్ మోడెం పక్కన పెట్టి చూస్తే 95 వస్తోంది, మేడ మీద ల్యాప్‌టాప్‌లో 30, 35 దాటడం లేదు, సాయంత్రం ఏడు తర్వాత మీటింగుల్లో గొంతు తెగిపోతోంది. 2018లో కొన్న ల్యాప్‌టాప్ ఆన్ అయి పనికి రావడానికే ఐదు నిమిషాలు పడుతోంది. కేబుల్ ఆపరేటరేమో 300 ప్లాన్‌కి మారమంటున్నాడు, షాపతనేమో 55 వేలు పెట్టి కొత్త ల్యాప్‌టాప్ కొనమంటున్నాడు. ఈ రెండింట్లో ఏది చేయాలి అని అడిగారు.

నేనైతే రెండూ చేయను. ఈ పనిలో ఇరవై ఏళ్ళు దాటాయి, మొదట గుంటూరులో కంప్యూటర్లు అసెంబుల్ చేసేవాడిని, ఇప్పుడు అపార్ట్‌మెంట్లకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్కులు వేసి చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే: రోగం ఒక చోట ఉంటే మందు ఇంకో చోట రాస్తారు, డబ్బు మాత్రం జీతం మీద బతికే మనవాళ్ళ జేబులోంచి పోతుంది. మోడెం నుంచి మీ స్క్రీన్ దాకా నాలుగైదు మెట్లున్నాయి, ఒక్కో మెట్టు విడిగా కొలిచి చూడకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

మీ కేసులో సగం జవాబు మీరు పెట్టిన రెండో ఫొటోలోనే ఉంది. ల్యాప్‌టాప్‌లో వైఫై ప్రాపర్టీస్ పేజీ అది. కింద మూల నెట్‌వర్క్ బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ (వైఫై వాడే రేడియో దారుల్లో ఒకటి, ఇంకొకటి 5 గిగాహెర్ట్జ్) అని, లింక్ స్పీడ్ 72/72 ఎంబీపీఎస్ అని ఉంది. ఆ 72 ఊరికే వచ్చిన అంకె కాదు. 2018 రోజుల్లో నలభై వేల లోపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒకే యాంటెన్నా ఉన్న, 2.4 మాత్రమే పట్టే వైఫై కార్డు పెట్టేవారు. ఆ రకం కార్డు మామూలు సెట్టింగ్‌లో ఎక్కే గరిష్ఠ లింకు 72. అదీ కార్డుకీ మోడెంకీ మధ్య ఒప్పందం అంతే, అందులో ఫైలుగానో వీడియోగానో మన చేతికి వచ్చేది దాదాపు సగం. అంటే మీకు వస్తున్న 30, 35 ఆ కార్డు తన శక్తికొద్దీ ఇస్తున్న స్పీడే. ఇప్పుడు మీరు 300 తీసుకున్నా, 1000 తీసుకున్నా ఆ ల్యాప్‌టాప్‌లో కనపడేది అదే 35. ప్లాన్ మార్చిన వారం తర్వాత మీరు మళ్ళీ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తారు, అతను మోడెం మార్చాలంటాడు, అలా సాగుతూనే ఉంటుంది.

నా మాట నమ్మాల్సిన పని లేదు, మీరే చూసుకోండి. ల్యాప్‌టాప్ కిందికి తెచ్చి మోడెం పక్కన కూర్చోండి. వైఫై పేర్ల లిస్టులో 5 గిగాహెర్ట్జ్ పేరు వస్తుందేమో చూడండి (మోడెం రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటే ముందు దాని సెట్టింగ్స్‌లో రెండు పేర్లు విడదీయాలి). ఫోన్లో ఆ పేరు కనపడుతూ, పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌లో కనపడకపోతే కార్డు 2.4 దే, అనుమానం లేదు. తర్వాత ఒక లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని మోడెంకి కలిపి, వైఫై ఆపేసి, స్పీడ్ టెస్ట్ చేయండి. 90 నుంచి 95 వస్తే మీ లైను, మోడెం రెండూ బాగున్నట్టే. 100 ఎందుకు రాలేదని అడగకండి, 100 పోర్టులో టెస్ట్ చూపించే గరిష్ఠం 94, 95 ఆ ప్రాంతమే. ఇంకొకటి, స్పీడ్ టెస్ట్ చూపించేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ విండో చూపించేది సాధారణంగా మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 ప్లాన్‌లో ఫైలు సెకనుకు 12 మెగాబైట్లతో దిగితే అది పూర్తి స్పీడు. ఈ ఒక్క తేడా తెలియక "100 అని చెప్పి 12 ఇస్తున్నారు" అని ఆపరేటర్లతో గొడవ పడ్డవాళ్ళు నాకు ఏటా కనీసం ముగ్గురు నలుగురు తగులుతారు.

కేబుల్ పెట్టినా 90 రాకపోతే అప్పుడు లైను వైపు చూడాలి. మోడెం పేజీలోకి (బ్రౌజర్‌లో మోడెం అడ్రసు కొడితే వచ్చేది, ఆ అడ్రసు కింద చెప్తాను) వెళ్తే ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది, మైనస్‌లో, డీబీఎంలో (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత). మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే హాయిగా ఉన్నట్టు. మైనస్ 27 దాటి కిందికి పోతే లైను ఎప్పుడు తెగుతుందో చెప్పలేం, వాన పడిన రోజు పోతుంది, రాత్రి వస్తుంది. తెనాలిలో మా చిన్నాన్న గారింట్లో సరిగ్గా ఇదే జరిగింది. మూడు నెలలు ఆపరేటర్ మనిషి వచ్చినప్పుడల్లా "పైన లైను ప్రాబ్లం సార్, మా చేతిలో లేదు" అనేవాడు. నేను సంక్రాంతికి వెళ్ళినప్పుడు మోడెం పేజీ తెరిచి చూస్తే మైనస్ 29. తీగ పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ పోయాను. కిటికీ చువ్వ దగ్గర ఆ సన్నటి ఫైబర్‌ని నిలువునా మడతపెట్టి, దాని మీదే రెక్క మూస్తున్నారు. ఫైబర్‌లో పోయేది వెలుతురు, మెలిక మరీ ఇరుకైతే వెలుతురు బయటికి జారిపోతుంది. రెక్క తీసి, మడత విప్పి, అరచేతి వెడల్పు గుండ్రంగా తిప్పి కట్టాను. మళ్ళీ పేజీ తెరిస్తే మైనస్ 22. అప్పటినుంచి ఫిర్యాదు లేదు. మీరు కూడా తీగ లోపలికి వచ్చే చోట, టీవీ స్టాండు వెనక, ఒకసారి చేత్తో తడుముతూ చూడండి. మోడెం మీద ఎర్ర లైటు, లాస్ అని రాసి ఉండేది, వెలుగుతుంటే మాత్రం అది మీరు చేసుకునే పని కాదు, ఆపరేటర్ రావాల్సిందే. ఫైబర్ కొన కళ్ళకేసి చూడకండి, ఆ వెలుతురు కంటికి కనపడదు కానీ కంటికి మంచిది కాదు.

మీది ఫోన్లో 95 చూపిస్తోంది కాబట్టి లైను బాగున్నట్టే అనుకుంటున్నాను.

ఇక సాయంత్రం గొంతు తెగిపోయే సంగతి. నా దృష్టిలో ఇదే అసలు సమస్య, ఎందుకంటే మీ ఉద్యోగం దీని మీద ఉంది. ఒక వీడియో మీటింగ్‌కి మంచి క్వాలిటీలో మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. 35 ఉన్నప్పుడు కాల్ తెగకూడదు. తెగుతోందంటే కొరత స్పీడుది కాదు, ఆలస్యానిది. మాట చిన్న చిన్న పొట్లాలుగా వెళ్తుంది, ఒక్కో పొట్లం వరసగా, సమానమైన ఎడంతో చేరాలి. మధ్యలో ఎక్కడో పావు సెకను ఇరుక్కుంటే అవతలివాళ్ళకి మీ మాట ముక్కలై వినపడుతుంది.

ఎక్కడ ఇరుక్కుంటోందో కనిపెట్టడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. ఈ రోజు సాయంత్రం ఏడున్నరకి మేడ మీద మీ గదిలోనే కూర్చుని కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో) రెండు విండోలు తెరవండి. మొదటి దాంట్లో పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, స్పేస్, 192.168.1.1, స్పేస్, హైఫన్, టీ, ఎంటర్. అది మీ మోడెం అడ్రసు, కొన్ని మోడెంలకు 192.168.0.1 ఉంటుంది, మోడెం అడుగున స్టిక్కర్ మీద చూడండి. రెండో విండోలో అదే పని 8.8.8.8 తో చేయండి, అది గూగుల్ వాళ్ళది, బయట ఉంటుంది. రెండు విండోలూ పక్కపక్కన పెట్టుకుని ఆఫీసు కాల్‌లోకి వెళ్ళండి. ఒక్కో లైనూ కిందికి పోతూ టైమ్ అని మిల్లీసెకన్లు చూపిస్తుంటుంది. ఇంట్లో ఉన్న మోడెం 2, 3, 5 ఇలా చూపించాలి. గొంతు తెగిన క్షణంలో మొదటి విండోలో కూడా 180, 400, లేదా రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వచ్చిందంటే తప్పు మీ ఇంటి వైఫైది, ఆపరేటర్‌ది కాదు. మొదటిది 3, 4 దగ్గర నిలకడగా ఉండి రెండోది మాత్రం 300కి లేస్తుంటే, ఆ సమయంలో ఇంట్లో ఎవరూ పెద్ద ఫైళ్ళు దించడం, ఎక్కించడం చేయకపోతే, తప్పు బయట ఉంది, ఆపరేటర్‌ని నిలదీయండి. పది నిమిషాలు నడిపి రెండు విండోల ఫొటో తీసి పెట్టుకోండి. "నెట్ స్లోగా ఉంది" అని ఫోన్ చేస్తే ఎవరూ పట్టించుకోరు, ఈ ఫొటో చూపిస్తే ఎదుటివాడు వేరేగా మాట్లాడతాడు. నేను స్వయంగా చూసిన మార్పు ఇది.

మీకు మొదటి విండోలోనే అంకెలు ఎగురుతాయని నా అంచనా. కారణం మీరు పెట్టిన మొదటి ఫొటో. మోడెం టీవీ వెనక గోడకి ఆనుకుని ఉంది, పక్కనే ఇనప బీరువా. వైఫైకి ఇనుము బద్ధశత్రువు. బీరువా తలుపులు, స్లాబులో ఊచలు, నీళ్ళ ట్యాంకు, ఫ్రిజ్, ఇవన్నీ దారిలో గోడలు కట్టినట్టే. మీ గది ఆ బీరువాకి సరిగ్గా పైన, మధ్యలో స్లాబు. దాన్ని దాటుకుని పైకి వచ్చే సిగ్నల్ బలం మీ ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి బాగా తగ్గిపోవచ్చు. కాల్స్‌కి మైనస్ 67 డీబీఎం కంటే మెరుగ్గా ఉండాలి (మైనస్ కాబట్టి అంకె చిన్నదైతే మంచిది, మైనస్ 50 అంటే భేషుగ్గా ఉన్నట్టు). ఫోన్లో వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్ వేసుకుని మీ కుర్చీలో కూర్చుని చూస్తే తెలిసిపోతుంది.

దీనికి తోడు సాయంత్రం కథ వేరు. వైఫైలో గాలి అందరిదీ ఒకటే, ఒక చానెల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. 2.4లో ఒకదానికొకటి అడ్డం రాని చానెళ్ళు మూడే: 1, 6, 11. ఏడు గంటలకి అందరూ ఇళ్ళకి చేరతారు, మీ ఇంట్లో టీవీ, పాప ఫోను, రెండు కెమెరాలు, పక్కింటి మోడెం, ఎదురింటి మోడెం, అందరూ ఆ మూడింటి మీదే పడతారు. పైగా దూరంగా ఉండి నెమ్మదిగా మాట్లాడే పరికరం ఎక్కువ సేపు గాలిని పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి టీవీని, 5 గిగాహెర్ట్జ్ పట్టే ఫోన్లని ఆ బ్యాండ్‌లోకి మార్చేయండి, టీవీ మోడెం పక్కనే ఉంది కాబట్టి దానికి ఏకంగా కేబుల్ పెట్టేయండి. 2.4ని ఆటో నుంచి తీసి, యాప్‌లో చూసి 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చి, చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి పెట్టండి. మోడెంని బీరువా పక్క నుంచి తీసి, హాల్లో మనిషి ఎత్తు మీద, మెట్ల వైపుకి తేగలిగితే తెండి. మెట్ల దారి ఖాళీ కాబట్టి సిగ్నల్ అటునుంచి పైకి ఎక్కుతుంది. ఫైబర్ తీగ పొడుగు చాలకపోతే ఆపరేటర్‌ని పిలిచి జరిపించుకోండి, మీరు లాగకండి. ఇదంతా ఒక ఆదివారం పూట పని, ఖర్చు దాదాపు సున్నా.

చాలామందికి ఇంతటితో సరిపోతుంది. మీకు మాత్రం నేను ఇంకో మెట్టు చెప్తాను, ఎందుకంటే ఇది సినిమా చూసుకోవడం కాదు, జీతం. హాల్లో మోడెం నుంచి మేడ మీద మీ బల్ల దాకా ఒక లాన్ కేబుల్ వేయించేయండి. క్యాట్ 6 రకం, పూర్తి రాగిది. మార్కెట్లో అల్యూమినియం మీద రాగి పూత పూసిన కేబుల్ తక్కువ ధరకి దొరుకుతుంది, దాన్ని ఇస్తానన్నా వద్దని చెప్పండి, రెండేళ్ళకి కొనల దగ్గర విరగడం, వదులవడం మొదలవుతుంది. వంద మీటర్ల దాకా ఏ ఇబ్బందీ ఉండదు, మీకు ఇరవై మీటర్లు కూడా పట్టదు. కొనలు క్రింప్ చేసేవాడి (ప్లగ్గులు బిగించేవాడి) పక్కన నిలబడి చూడండి, ఎనిమిది తీగలూ వెళ్ళాలి: తెల్ల నారింజ, నారింజ, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల గోధుమ, గోధుమ, రెండు కొనల్లోనూ అదే వరస. కొందరు తొందరలో నాలుగు తీగలే పెట్టి పోతారు, అది 100 దాకా పనిచేస్తుంది కాబట్టి ఇవాళ తేడా తెలియదు, రేపు మీరు నిజంగానే 300 తీసుకుంటే అక్కడే ఆగిపోతుంది.

ఆ కేబుల్ నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టుకోండి. మేడ మీద ఫోన్లకి కూడా వైఫై కావాలంటే ఒక మామూలు డ్యూయల్ బ్యాండ్ రౌటర్ కొని ఆ కేబుల్ చివర యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే సెట్టింగ్) పెట్టండి. రిపీటర్ కొనమని ఎవరైనా సలహా ఇస్తే వద్దు. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వింటూ అదే రేడియోతో మళ్ళీ చెప్తుంది, స్పీడు సగమవుతుంది, ఆలస్యం పెరుగుతుంది, అసలు మీకు కావలసిందే ఆలస్యం తగ్గడం. కేబుల్ వేయడం అస్సలు కుదరని అద్దె ఇల్లయితే డ్యూయల్ బ్యాండ్ యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి కొని ల్యాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు. ఆ 72 సంకెల తెగుతుంది, కానీ స్లాబు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. 300 ప్లాన్‌కి నెలకు 300 రూపాయలు ఎక్కువ అనుకుందాం. ఏడాదికి 3600, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4248. (ప్లాన్ ధర చెప్పేటప్పుడు పన్ను చెప్పరు, 499 అంటే బిల్లు 589 వస్తుంది.) అదే డబ్బులో కేబుల్, క్రింపింగ్ కూలి, ఒక మామూలు రౌటర్ వచ్చేస్తాయి, అదీ ఒక్కసారి ఖర్చు. మీ ఇంట్లో నలుగురు. ఒక టీవీలో 4కే వీడియోకి నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే 15 ఎంబీపీఎస్ చాలంటారు. మీ మీటింగ్, పాప క్లాసు, రెండు కెమెరాలు అన్నీ కలిపినా 40 దాటదు. 2001లో 56కే మోడెం పెట్టుకుని ఒక్క పాట దించడానికి పావుగంట కూర్చున్నవాణ్ణి, స్పీడు విలువ నాకు తెలుసు, అక్కర్లేని స్పీడుకి డబ్బు కట్టడం మాత్రం నాకు ఎప్పటికీ మింగుడు పడదు. ఇంట్లో పెద్ద పెద్ద ఫైళ్ళు రోజూ ఎక్కించేవాళ్ళు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళు ఉంటే అప్పుడు 300 గురించి మాట్లాడుకోవచ్చు.

ల్యాప్‌టాప్ విషయానికొద్దాం. ఎనిమిదో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ అన్నారు. ఈ వివరాలు విన్న ఎవరికైనా జబ్బు వెంటనే తెలుస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. ఆన్ చేసిన మొదటి ఐదు నిమిషాలూ డిస్క్ అన్న గడి 100 శాతం దగ్గర ఎర్రగా ఉండి, సీపీయూ ఇరవై ముప్పై దగ్గరే ఉంటుంది చూడండి. అంటే ప్రాసెసర్ పని చేయడానికి సిద్ధంగా ఉంది, డిస్కు ఇవ్వలేకపోతోంది. హార్డ్ డిస్కులో నిజంగానే ఒక పళ్ళెం తిరుగుతుంటుంది, దాని మీద ఒక సూది అటూ ఇటూ పరిగెడుతుంటుంది. విండోస్ లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్ళు అడుగుతుంది, అన్నిటి కోసం ఆ ఒక్క సూదే తిరగాలి. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. 500 జీబీ ఎస్ఎస్‌డీ వేయండి, ర్యామ్ 8కి పెంచండి, వీలైతే 12. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2 అని చూపిస్తే ఒక స్లాటు ఖాళీ ఉన్నట్టు, ఉన్నది తీయకుండానే ఇంకొకటి వేయొచ్చు. ధరలు తరచూ మారుతున్నాయి కాబట్టి అంకె చెప్పను, కానీ రెండూ కలిపినా 55 వేలకి చాలా చాలా దూరం. ఐదు నిమిషాలు పట్టేది అర నిమిషం లోపు లేస్తుంది. ఇది నేను కొన్ని వందల మెషీన్లకి చేశాను, ప్రతిసారీ ఆ ఇంట్లోవాళ్ళ మొహం చూస్తే నాకు పండగలా ఉంటుంది.

మీకు కలిసొచ్చిన విషయం ఇంకోటి ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో మామూలుగా ఎనిమిదో తరం, ఆపైన కావాలి, మీది సరిగ్గా ఆ గట్టు మీద ఉంది. ఏడో తరం అయి ఉంటే నా సలహా వేరేగా ఉండేది. టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా భాగం) లేదు అని చూపిస్తే కంగారు పడకండి, చాలా మెషీన్లలో అది ఉండి కూడా బయాస్‌లో (విండోస్ లేవకముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్) ఆపేసి ఉంటుంది, ఇంటెల్ పీటీటీ అన్న పేరుతో వెతికి ఆన్ చేయండి. బయాస్‌లో చెయ్యి పెట్టే ముందు డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కుకి వేసిన తాళం) ఉందేమో చూసి, దాన్ని తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అది లేకుండా ఇరుక్కుంటే ఎవరూ ఏమీ చేయలేరు. మీ కంపెనీ పని ఈ ల్యాప్‌టాప్‌లోనే చేస్తున్నారు కాబట్టి వాళ్ళ ఐటీ వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి, ఆ తర్వాతే మార్చండి. షాపులో "ఫుల్ వెర్షన్ వేసిస్తాం" అని క్రాక్ చేసిన ఆఫీసు, విండోస్ వేస్తామంటే ఒప్పుకోకండి. ఆ క్రాకులు వేసేటప్పుడు ముందు ఆపేది విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌నే, అంటే తలుపు తీసిపెట్టి నిద్రపోవడమే. మీ ఇంటి బ్యాంకు లావాదేవీలు కూడా అందులోనే ఉన్నాయి. ఇంట్లో ఉత్తరాలు, లెక్కలకి లిబ్రే ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు యూనికోడ్ బాగా రాసుకోవచ్చు. విడిగా యాంటీవైరస్ కొనక్కర్లేదు, డిఫెండర్ చాలు.

మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి నన్ను అన్నిటికంటే ఆపింది: మీ నాన్నగారు గుడి పత్రికకి ఇన్నేళ్ళుగా టైప్ చేసిన ఫైళ్ళు ఈ ల్యాప్‌టాప్‌లోనే, పేజ్‌మేకర్‌లో (పత్రికల పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్), అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయన్నారు. విండోస్ కొత్తగా వేసే తొందరలో ఇవి పోగొట్టుకున్న ఇళ్ళు చూశాను, వాళ్ళ బాధ మాటల్లో చెప్పలేను. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ మెషీన్లోనైనా ఒకేలా కనపడే అక్షరాల పద్ధతి) కావు. అక్కడ "క" అని కనపడేది కంప్యూటర్ దృష్టిలో ఏదో ఇంగ్లీషు అక్షరమో గుర్తో, ఆ ఫాంట్ తొడిగితేనే అది తెలుగవుతుంది. ఫాంట్ లేని మెషీన్లో తెరిస్తే గుర్తుల గందరగోళమే మిగులుతుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, విండోస్ 11లో అది సవ్యంగా నడుస్తుందని నేను హామీ ఇవ్వను. కాబట్టి పాత మెషీన్ ఇప్పుడున్నట్టు ఉండగానే ఒక్కో సంచికనీ పీడీఎఫ్‌గా తీయించండి, అది ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఫాంట్ ఫైళ్ళు కూడా కాపీ చేయండి. తర్వాత తీరిగ్గా కన్వర్టర్లతో యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు, ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, మీ నాన్నగారినే పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించండి, ఆయన కళ్ళకి దొరికినట్టు ఇంకెవరికీ దొరకవు. అన్నిటికంటే ముఖ్యం, తీసేసిన హార్డ్ డిస్కుని ఫార్మాట్ చేయకండి, ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకండి. ఒక యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, తేదీ రాసి, బీరువాలో పెట్టండి.

కరెంటు పోతే నెట్ పోతోందని కూడా రాశారు. మీ మోడెం అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉందేమో చూసి, అదే వోల్టేజికి మినీ యూపీఎస్ ఒకటి పెట్టుకోండి, రెండు మూడు గంటలు వస్తుంది. ఫైబర్‌లో వీధి చివర ఫైబర్‌ని ఇళ్ళకి పంచే స్ప్లిట్టర్‌కి కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ ఉంటే వీధంతా చీకటైనా మీ నెట్ నడుస్తుంది. మేడ మీద రౌటర్ పెడితే దానికీ ఒకటి కావాలి, మర్చిపోకండి.

పింగ్ పరీక్షలో తప్పు బయటిదే అని తేలితే వాట్సాప్‌లో ఆపరేటర్ కుర్రాడికి మెసేజ్ పెట్టి ఊరుకోకండి, కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, తీసుకోండి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు నంబరు ఇవ్వడం వాళ్ళ బాధ్యత, తీర్చకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీకి (అప్పీళ్ళు వినే విభాగం) వెళ్ళొచ్చు, ఆ నంబరు లేకపోతే వెళ్ళలేరు. కుర్రాడి మీద మాత్రం అరవకండి, ఎండలో స్తంభాలెక్కేది అతనే.

ఇవాళ సాయంత్రం నాకు కావలసింది మూడే: మోడెంకి కేబుల్ పెట్టి చూసిన స్పీడు, మోడెం పేజీలో ఆప్టికల్ పవర్ అంకె, కాల్ నడుస్తుండగా తీసిన రెండు పింగ్ విండోల ఫొటో. ఇక్కడే పెట్టండి, రాత్రి పదింటికి చూసి కేబుల్ ఏ దారిన తేవాలో చెప్తాను. మీ మెట్ల దగ్గర ఫొటో కూడా ఒకటి తీయండి.